సబ్బుకు ఎర్రబడని పసుపు

కడుపుతో ఉన్నప్పుడు మధ్య మూడు నెలలు సుఖమని నాకు చెప్పిన వాళ్ళందరినీ ఒక్కచోట కూర్చోబెట్టాలని ఉంది. ఎక్కడో కాదు, మా షెడ్డులోనే, పసుపు దుమ్ములో, వరసగా. మొదటి మూడు నెలలు వాంతులు, చివరి మూడు నెలలు ఆయాసం, నడిమి మూడు నెలలు పండగ అన్నారు. మా అత్త అంది, సూది వెయ్యడానికి వచ్చిన నర్సమ్మ అంది, నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ ప్రతి ఆడదీ అంది. నా పండగ ఎట్లా జరిగిందో రాస్తున్నాను. ఏడో తరగతిలో పుస్తకం మూసేసిన దాన్ని, ఒత్తులు తప్పు పోతే సర్దుకోండి. కోపం మాత్రం ఎక్కడా తప్పు పోలేదు.

తొంభై రెండో సంవత్సరం. ఆర్మూర్. నా పేరు గంగామణి. మా ఆయన లింబాద్రి పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర పని చేసేవాడు. నేనూ మా అత్త పోసవ్వా అదే షెడ్డులో కూర్చుని కొమ్ములు వేరు, గడ్డలు వేరు ఏరేవాళ్ళం. మా ఊరు తెలియని వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా మా దగ్గర తెల్లగా ఏదీ ఉండదు. ఎండిన పసుపు డ్రమ్ములో తిరుగుతుంటే లేచే దుమ్ము కనురెప్పల మీద కూర్చుంటుంది, ముక్కులో దూరుతుంది, అన్నం కుండ మూత మీద పేరుకుంటుంది. చీదితే పసుపు, దగ్గితే పసుపు. సాయంత్రానికి షెడ్డులో ఆడవాళ్ళమంతా పెళ్ళికూతుళ్ళమయ్యేవాళ్ళం, పెళ్ళికొడుకు ఒక్కడూ లేడు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. మా ఊళ్ళో కళ్ళు బాగున్నవాడికి కూడా పచ్చగానే కనిపిస్తుంది. అందుకే ఒకరి కామెర్లు ఇంకొకరికి కనిపించవు. ఈ మాట నవ్వించడానికి రాయడం లేదు.

నవ్వించడం గురించి కూడా ముందే ఒప్పుకోవాలి, ఎందుకంటే నా కోపంలో కొంత నా మీదే ఉంది. నేను ఊరికే ఉండలేను. ఎవరి నడకైనా నడిచి చూపిస్తాను, ఎవరి గొంతైనా ఎత్తుతాను. ముందటేడు ఎండాకాలంలో, దుమ్ముకు ఊపిరాడని ఒక మధ్యాహ్నం, జుట్టు విరబోసుకుని పోచమ్మ పూనినట్టు ఊగాను. షెడ్డు గుమస్తా హడలిపోయి కొబ్బరికాయ కొట్టి అందరికీ పూట సెలవిచ్చాడు. ఆడవాళ్ళమంతా ఇంటికిపోయి హాయిగా పడుకున్నాం. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. వారం తిరక్కుండా అదంతా నాటకమని నేనే చెప్పి అందరినీ నవ్వించాను. గుమస్తా ముఖం మాడ్చుకున్నాడు. మా అత్త మాత్రం నవ్వలేదు. "అమ్మతోటి ఆటలు మంచియి కావు పిల్లా" అని ఊరుకుంది. ఆ మాట నేను మరచిపోయాను. ఆమె మరచిపోలేదు.

నాలుగో నెల, మాఘం. అబద్ధమెందుకు, ఆ నెల పండగే. పొద్దున వాంతులు ఆగిపోయాయి. మూడు నెలలు ముద్ద మింగని దాన్ని మక్కరొట్టెలు నాలుగు తిని ఐదోదాని వైపు చూసేదాన్ని. నర్సమ్మ సూది వేసి, ఎర్ర గోలీలు ఇచ్చి, "ఇగ సూడు గంగామణి, ఆకలి మస్తు అయితది, ఐదో నెలల బిడ్డ మెదులుతది, గప్పుడు నీకే తెలుస్తది" అంది. అన్నట్టే అయింది. ఫాల్గుణం మొదట్లో ఒకరోజు కొమ్ములు ఏరుతూ ఉంటే బొడ్డు కింద చేపపిల్ల తోక ఆడించినట్టయింది. చేతిలో కొమ్ము పట్టుకుని అట్లాగే ఉండిపోయాను.

"ఏందే, కొమ్ముల బంగారం దొరికిందా?" అంది మా అత్త.

"బంగారమే అత్తా. లోపల మెదిలింది" అన్నాను.

ఆమె తన పసుపు చెయ్యి నా పొట్ట మీద పెట్టింది. పెళ్ళయిన ఏడేళ్ళకు నిలిచిన కడుపు నాది. అంతకు ముందు రెండుసార్లు మూడో నెలలోనే పోయింది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తీశాక నా చీర మీద ఐదు వేళ్ళ ముద్ర ఉంది. దాన్ని ఉతక్కుండా దాచుకుందామనుకున్నాను.

అదే నెలలో నీళ్ళు వాసన కొట్టడం మొదలైంది. షెడ్డు వెనక మేం తాగే తొట్టి ఉండేది. దానికి వచ్చే నల్లా పైపు మోరీలోంచి వచ్చేది, మురుగులో సగం మునిగి. ఎక్కడో పగిలింది. ఆడవాళ్ళమంతా పోయి గుమస్తాకు చెప్పాం. అతను కుర్చీలోంచి లేవకుండా, "జర పసుపు కలుపుకొని తాగుండ్రి. పసుపుకు సావని పురుగు ఉంటదా? గింత పసుపుల కూసొని గదిగూడ తెల్వదా?" అన్నాడు. మేం తెలివిగల వాళ్ళం కదా, అవును గదా అనుకుని చిటికెడు కలుపుకుని తాగాం. లింబాద్రి అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు కట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ఐదో నెల నిండుతుండగా, కాముని పున్నం దాటాక, పండగ తిరగబడింది. ముందు ఒళ్ళు వెచ్చబడింది. తర్వాత అన్నం వాసనకు కడుపులో దేవింది. మక్కరొట్టె చూస్తే ఏడుపు. వాంతులు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి ఆగేవి కావు. అరచేతులు దురద. కూర్చుంటే లేవలేను, లేస్తే నిలవలేను. ఉచ్చ చాయ్ డికాషన్ రంగులో వచ్చింది. పగలు నాలుగైదుసార్లు మెదిలే బిడ్డ రోజుకొకసారి, అదీ ఉందా లేదా అన్నట్టు మెదిలేది.

ఎవరికి చెప్పినా ఒక జవాబు సిద్ధంగా ఉండేది. "రెండోసారి వేవిళ్ళంటే కవలలే" అన్నారు. "మొగపిల్లగాడు, గందుకే గింత సతాయిస్తుండు" అన్నారు. షెడ్డులో కళ్ళు తిరిగి గోడకు ఆనుకుంటే గుమస్తా దూరం నుంచే, "గంగామణీ, గీసారి ఏ అమ్మ వచ్చింది? పోచమ్మా, మైసమ్మా? కొబ్బరికాయ తెప్పియ్యాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాకు నవ్వు వచ్చి కాదు, అలవాటు కొద్దీ.

నా ముఖం పచ్చబడిందని మా వీధిలో ఒకామె అంటే, "పసుపు పిల్ల పచ్చగుండక నీలంగుంటదా?" అని నేనే అన్నాను. చూశారా. ముందు నేనే.

లింబాద్రి బస్టాండు దగ్గర ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పొద్దుటి నుంచి బల్ల మీద కూర్చుంటే చీకటి పడే వేళకు పిలిచారు. ఆ బల్ల మీద కూర్చున్న వాళ్ళలో సగం మంది పసుపు పని వాళ్ళే, అందరం ఒకే రంగు. లోపల పసుపు వెలుగు చిమ్మే బల్బు ఒకటి. డాక్టరు నా చేతులు చూసి, "పసుపు ఏరుతవా?" అన్నాడు. అవునన్నాను. "ఉచ్చ పచ్చగ వస్తుందా? మీ పనోళ్ళందరు గదే చెప్తరు. నీళ్ళు ఎక్కువ తాగు" అన్నాడు.

నీళ్ళు ఎక్కువ తాగు. ఏ నీళ్ళో అడగలేదు.

అక్కడైనా నేను ఊరుకుని ఉంటే ఏమో. "డాక్టర్ సాబ్, మా ఇంట్ల కూరలకు పసుపు కొంటలేరు. నన్నే ఓసారి ముంచి తీస్తున్నరు" అన్నాను. డాక్టరు పడీపడీ నవ్వాడు. కాంపౌండరు నవ్వాడు. లింబాద్రి కూడా నవ్వాడు పాపం, చాలా రోజులకు. నవ్వుతూనే డాక్టరు బలానికి టానిక్కు, వాంతులకు గోలీలు రాశాడు. మాకు దొరికిన ఆ కాసేపూ నవ్వులోనే పోయింది. ఆ నవ్వులో నా కన్ను ఎవరూ చూడలేదు. ఒక్క వేలితో రెప్ప కిందికి లాగితే తెలిసేది. ఆ ఒక్క వేలు గురించే ఈ రాత అంతా.

నన్ను చూసింది డాక్టరు కాదు. మా వీధికి బట్టలు ఉతికే ఎల్లవ్వ. మా అత్త కంటే పెద్దది, నడుం వంగింది, నోరు వంగలేదు. ఉగాదికి నాలుగైదు రోజుల ముందు ఉతికిన మూట తెచ్చి అరుగు మీద పడేసి, అందులోంచి నా తెల్ల లంగా ఒకటి లాగింది.

"బిడ్డా, గీ మరక ఏందే?"

"పసుపే ఎల్లవ్వా. ఇంకేముంటది మన దగ్గర?"

"పసుపు మరకలు నాకు నేర్పుతున్నవా? నీ అత్త పెండ్లికి ముందు నుంచి ఉతుకుతున్న. పసుపైతే సౌడునీళ్ళు, సబ్బునీళ్ళు తగలంగనే నెత్తురోలె ఎర్రగైతది. ఎండల ఆరేస్తే రంగు ఇడుస్తది. గిది మూడుసార్లు నానవెట్టిన. ఎర్రగ కాలే. ఎండకు పోలే. గిది బయటి పసుపు కాదు."

అని లోపలికి పోయి బట్టల సబ్బు ముక్క తెచ్చి, నా ముంజేయి తడిపి రుద్దింది. మొదట ఎర్రటి చారలు దిగాయి. అది షెడ్డు పసుపు. కడిగింది. మళ్ళీ రుద్దింది. ఈసారి నురగ తెల్లగా వచ్చింది. కింద చర్మం మాత్రం పచ్చగానే ఉంది. నా రెక్క పట్టుకుని వాకిట్లో ఎండలోకి గుంజి, కన్ను రెప్ప కిందికి లాగింది.

"కన్ను గూడ సబ్బువెట్టి ఉతుకుతవా ఏంది?" అన్నాను.

"నవ్వకు" అంది ఎల్లవ్వ. "పసిరికలే బిడ్డా నీకు. కన్ను గుడ్డంత పచ్చగుంది. ఎన్ని దినాలైంది?"

పసిరికలంటే కామెర్లు. మా అత్త గడపలో నిలబడి వింటోంది. ముఖం పాలిపోయింది, కానీ ఆమె భయం వేరే దారిన పోయింది.

"నేను ఆనాడే చెప్పిన" అంది. "అమ్మ పేరు మీద ఆటలాడింది. అమ్మ ఊకుంటదా? ఒళ్ళంత తన రంగే పూసింది. దవాఖానల ఏముంది? ముందు మొక్కు తీర్చాలె. తర్వాత మోర్తాడ్ దిక్కు ఒకాయన చేతికి వాత పెడతడు, పసిరికలు దిగుతయి."

"కడుపుతోటున్న పిల్లకు వాతనా?" అంది ఎల్లవ్వ.

"నువ్వు బట్టలు సూసుకో."

ఆ మాట విన్నాక నాలో ఏదో తెగింది. పది రోజులు నా రంగు చూసి నవ్విన వాళ్ళు, ఇప్పుడు ఆ రంగు నా పాపమంటున్నారు. లోపల ఒక ప్రాణి ముందురోజు పొద్దుటి నుంచి మెదల్లేదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, చెబితే నిజమైపోతుందేమోనని.

నేను లేచి, గోడ పట్టుకుని నడిచి, మా వీధి చివర పోచమ్మ గద్దె దగ్గర నిలబడ్డాను. వెనక ఎల్లవ్వ, ఆ వెనక మా అత్త. వీధంతా వినపడేట్టు, ఊగకుండా, నా గొంతుతోనే చెప్పాను. "తల్లీ, ఆట ఆడింది నేను. కడుపుల ఉన్నది కాదు. కోపముంటే నా మీద తర్వాత తీర్చుకో, నేనెక్కడికి పోత? గిప్పుడు మాత్రం నిజామాబాద్ బస్సు టైమైతుంది." అని బస్టాండు దారి పట్టాను. ఎల్లవ్వ మూట అరుగు మీదే వదిలేసి వచ్చి నా రెక్క పట్టుకుంది.

కోడలు చాకలామెను వెంటపెట్టుకుని బస్సెక్కిందంటే ఊళ్ళో తలెత్తుకోగలమా? మా అత్త ఇంటికి ఉరికి, సంచిలో రెండు చీరలు కుక్కుకుని, రొప్పుకుంటూ బస్సు కదిలేలోపు వచ్చింది. ఎల్లవ్వ దిగిపోయింది. కిటికీ పక్క సీటు నాకే ఇచ్చి, నేను వాంతి చేసుకున్నప్పుడల్లా నా నుదురు గట్టిగా పట్టుకుంది. మనిషి మీద కోపం ఉండగానే ఆ మనిషి చెయ్యి మంచిగా అనిపించడం ఎంత చికాకో ఆ బస్సులో తెలిసింది.

ఆరో నెల మొత్తం నిజామాబాద్ పెద్ద దవాఖానలో. అక్కడి డాక్టరమ్మ నన్ను చూడగానే నోటితో ఏమీ అడక్కుండా కిటికీ దగ్గరికి తీసుకుపోయి రెప్ప లాగింది. నాకు ఏడుపొచ్చింది. ఇంత చిన్న పని. చెక్క గొట్టం పొట్టకు ఆనించి, దానికి చెవి పెట్టి చాలాసేపు విని, "గుండె కొట్టుకుంటోంది. మెల్లగా ఉంది, కానీ ఉంది" అంది. తర్వాత, ఏ నీళ్ళు తాగుతారని అడిగింది. చెప్పాను. పసుపు కలుపుకున్న సంగతి కూడా చెప్పాను. ఆమె రాయడం ఆపి నా వైపు చూసింది. "ఇవి నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు. మామూలు మనిషికి వస్తే పత్యంతో పోతాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు వస్తే ఇద్దరికీ గండం. ఇన్ని రోజులు ఎందుకు రాలేదు?" అంది.



వార్డులో పని ఒక్కటే, ఎదురుచూడటం. చేతికి సెలైను, పక్కన చెరకు రసం, పొట్ట మీద చెయ్యి. ఇప్పుడు మెదులుతుందా, ఇప్పుడు మెదులుతుందా. లింబాద్రి షెడ్డు చొక్కాతోనే వచ్చి బయట బల్ల మీద కూర్చుంటే, అతనికీ కామెర్లేనని పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారట. చెబుతూ నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆపేశాడు.

నా పక్క మంచం మీద మోర్తాడ్ లక్ష్మి. బీడీలు చుట్టే పిల్ల, ఇరవై దాటలేదు, ఆరో నెల. ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత వాత, ఇంకా ఆరలేదు. ఆమెకు వాత పెట్టించి, పసరు తాగించి, ఉప్పు మాన్పించి, అన్నీ అయ్యాక తెచ్చారు. మొదటి రోజు ఇద్దరం తెగ మాట్లాడుకున్నాం.

"అక్కా, మీ ఊళ్ళె పసుపు తోటి వచ్చిందా నీకు?"

"పసుపు తోటి కాదు చెల్లె, నీళ్ళ తోటి. నీకో?"

"నాకేం తెలుసు. బీడీల పొగాకు మంచిగ పడలేదన్నరు."

"నీది బీడీల గంప, నాది పసుపు గంప. ఇద్దరం కలిస్తే కిరాణా దుకాణమే పెట్టొచ్చు."

ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుట్టేది ఆడపిల్లయితే బీడీలు చుట్టనియ్యనని చెప్పింది. మూడో రోజు పొద్దున నన్ను వాళ్ళ అక్క పేరుతో పిలిచింది. మధ్యాహ్నానికి తంబాకు గంప ఎక్కడ పెట్టావని గోడను అడుగుతోంది. నర్సులు ఉరికారు, డాక్టరమ్మ వచ్చింది, మంచం చుట్టూ గుడ్డ కట్టారు. సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉండగానే గుడ్డ విప్పేశారు. మంచం ఖాళీ.

లక్ష్మి తల్లి సామాను సర్దుకుంటూ విప్పని గ్లూకోజు పొట్లం ఒకటి తెచ్చి నా తలగడ పక్కన పెట్టింది. "తాగు బిడ్డా. నీ కడుపులదన్న బతకాలె" అంది. ఆమె చేతులకు కూడా బీడీ ఆకు వాసన. ఆ పొట్లం విప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ నేను నోరు విప్పలేదు. లోపల కూడా నిశ్శబ్దమే. గొట్టంతో విన్నప్పుడు గుండె ఉందనేవారు, నాకైతే ఒక్క కదలికా తెలిసేది కాదు. లింబాద్రి భయపడిపోయాడు. "ఒక్క మాటన్న నవ్వేటి మాట అనవే. నువ్వు గిట్ల ఉంటే నాకు మంచిగ అనిపిస్తలేదు" అన్నాడు.

అప్పుడే మా అత్త వచ్చింది. కొంగు ముడి విప్పి, మోదుగాకులో చుట్టిన పోచమ్మ బండారి తీసింది. బండారి అంటే ఏమిటనుకున్నారు, పసుపే. చిటికెడు తీసి నా నుదుటికి చెయ్యి చాపింది.

"అత్తా, నా మీద ఇంక ఒక్క చిటికెడు పసుపు పడ్డదంటే మంచిగుండదు" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. "పది దినాలు నేను సచ్చుకుంట బతుకుతుంటే మీరంత నా రంగు సూసి నవ్విండ్రు. బట్టలుతికే ఎల్లవ్వకు కనవడ్డది, నా ఒంటి మీద రోజు చెయ్యి పెట్టేటి నీకెందుకు కనవడలే? నీ కొడుకు, మోరీ నీళ్ళల్ల పసుపు కలుపుకొని తాగుండ్రని గా గుమస్తా అంటుంటే చేతులు కట్టుకొని నిలవడ్డడు. నోట్ల నాలికె లేదా? గా నీళ్ళు గుమస్తా తాగిండా? ఆయనకు ఇంటి నుంచి కూజ వస్తది. నాకు రోగం వస్తే అమ్మ కోపమన్నవు. లక్ష్మి ఏ అమ్మతోటి ఆడింది? ఆమె కడుపులది ఎవలతోటి ఆడింది?"

వార్డంతా మా వైపే చూస్తోంది. నర్సు గుమ్మంలో ఆగిపోయింది. మా అత్త చెయ్యి గాలిలోనే ఉంది, చిటికెడు పసుపుతో. నేను ఇంకో మాట అందుకోబోయి ఆగాను.

"ఏమైందే?" అంది అత్త.

"తన్నింది."

ఇది చేపతోక కాదు. మడమ. మళ్ళీ తన్నింది. మా అత్త బండారి ఆకును మెల్లగా మడిచి కొంగున కట్టుకుంది. కళ్ళు తుడుచుకుని, మంచం పక్కన కూర్చుని, "ఇంకో రెండు తిట్లు తిట్టు" అంది.

తిట్టాను. ఆ పూటంతా తిట్టాను.

ఏడో నెల పడ్డాక ఇంటికి పంపారు. కళ్ళు తెల్లబడటానికి ఇంకా నెల పట్టింది. నడవగలిగిన మొదటి రోజే షెడ్డుకు పోయాను. ఏరడానికి కాదు. తొట్టిలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి, చిటికెడు పసుపు వేసి, కలిపి, గుమస్తా బల్ల మీద పెట్టాను. ఆ తొట్టి నీళ్ళకు మా షెడ్డులో పడకేసింది నేనొక్కదాన్నే కాదు. ఆడవాళ్ళందరూ ఏరడం ఆపేశారు.

"తాగు సేటూ. పసుపుకు సావని పురుగు ఉంటదా?"

అతను గ్లాసు వైపు చూశాడు, నా పొట్ట వైపు చూశాడు. తాగలేదు. "గిదేం పంచాయితీ" అని లేవబోతే, డ్రమ్ము ఆపేసి లింబాద్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి చేతులు కట్టుకోలేదు. "పైపు మారిస్తేనే డ్రమ్ము తిరుగుతది" అన్నాడు. రెండు రోజులు తిరగలేదు. మూడో రోజు పైపు వచ్చింది. రెండు రోజుల పని. దానికి మోర్తాడ్ లక్ష్మికి ఏ సంబంధమూ లేదు, ఆమె ఊరు వేరు, నీళ్ళు వేరు. అయినా కొత్త పైపు చూసినప్పుడల్లా నాకు ఆమే గుర్తొస్తుంది, కోపమూ వస్తుంది. ఏ ఊళ్ళోనైనా అది రెండు రోజుల పనే అయి ఉంటుంది.

నడిమి మూడు నెలల్లో ఉన్న తల్లులకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఆకలి అవుతుంది, నిజమే. బిడ్డ మెదులుతుంది, అదీ నిజమే. ఒకసారి ఆగిన వాంతులు మళ్ళీ మొదలైతే, మెదిలే బిడ్డ మెదలడం తగ్గితే, కవలలని ఎవరు చెప్పినా వినకండి. దీపం వెలుగులో కాదు, ఎండలో నిలబడి కన్ను రెప్ప లాగి చూపించుకోండి. ఇంకొకటి, నాలాంటి వాళ్ళకు. మీరు ఎంత నవ్వించేవాళ్ళయినా డాక్టరు ముందు మాత్రం నవ్వించకండి. ముందు చూడనివ్వండి, తర్వాత మీ ఇష్టం.

ఆషాఢంలో, లెక్క ప్రకారం ఇంకా మూడు వారాలుండగా, నిజామాబాద్ దవాఖానలోనే ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది, గొంతు మాత్రం నాదే. మూడో రోజు పొద్దున పిల్ల ముఖం పచ్చగా కనిపించింది. చూడవచ్చిన వాళ్ళలో ఒకామె, "ఆర్మూర్ పిల్ల గదా, పసుపు తోటే పుట్టింది" అని నవ్వింది.

నేను నోరు తెరిచే లోపల మా అత్త లేచింది. స్నానాల గదిలోకి పోయి సబ్బు ముక్క తెచ్చింది. వేలి కొనతో కొంచెం నురగ చేసి పిల్ల అరికాలికి రాసి, అందరం చూస్తుండగా, తుడిచింది. ఎర్రబడలేదు. పిల్లను ఎత్తుకుని వరండాలో ఎండకు పోయి, ఆ చిట్టి రెప్పను ఒక్క వేలితో, గాజు పూసను పట్టుకున్నట్టు, కిందికి లాగింది.

"నడువుండ్రి, డాక్టరమ్మ తానకు" అంది.

పుట్టిన పిల్లల్లో చాలామందికి ఇది మామూలేనని, పొద్దుటెండ చూపించి పాలు బాగా పట్టమని డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు మళ్ళీ చూసింది. వారానికి దిగిపోయింది. అయినా మా అత్త నమ్మలేదు. ఇరవై ఒకటో రోజు పురుటి స్నానానికి వీధి ఆడవాళ్ళంతా వచ్చి, పిల్లకు నలుగు పెట్టడానికి గిన్నెలో పసుపు కలిపారు. మా అత్త ఆ గిన్నె తీసుకుపోయి అటక మీద పెట్టేసింది.

"గదేంది పోసవ్వా, పసుపు లేకుంట స్నానమా? మన ఊళ్ళెనా?" అన్నారు.

"పసుపు ఎటు పోతది, ఊరంత గదే ఉంది" అంది మా అత్త, ఎల్లవ్వ చేతికి ఉత్త నీళ్ళ చెంబు అందిస్తూ. "ముందుగాల దీని రంగేందో మమ్ముల సూడనియ్యుండ్రి."